కూటమిలో చేరినందుకే గురి పెడతారా? మాక్ టెస్టు ప్రశ్న మీద చర్చ

గ్రూప్1_చివరి_ప్రయత్నం (హన్మకొండ) | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. మొన్నటి మాక్ టెస్టులో వ్యాసం ప్రశ్న ఇది: "అంతర్జాతీయ కూటములే ఉగ్రవాద సంస్థల లక్ష్యాలను నిర్ణయిస్తాయి. చర్చించండి." నేను "నిర్ణయించవు" అని రాశాను. 2003లో అమెరికా మనల్ని ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం పంపమని అడిగింది. జులై 14న కేంద్ర కేబినెట్ కమిటీ కుదరదంది. అయినా 2007 ఆగస్టులో హైదరాబాద్‌లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలాయి, 2008లో ముంబై అయింది. కూటమిలో లేకపోయినా కొట్టారు కదా అని నా వాదన. 25కి 8 వచ్చాయి. పక్కన కూర్చున్నోడు ఇరాక్‌కు సైన్యం పంపిన దేశాల్లోనే మాడ్రిడ్, లండన్ పేలాయి అని రాస్తే 16 వేశారు. నా తప్పేంటో పెద్దవాళ్లు చెప్పండి. (ఈ కోచింగ్‌కు ఫీజు కట్టిన బాధ వేరే థ్రెడ్‌లో చెప్పుకుంటా.)

నయీంనగర్_లెక్చరర్ (రిటైర్డ్, పొలిటికల్ సైన్స్) | 9:48

ఆ ఎనిమిది కూడా దయతలచి వేశారనుకో బాబూ. కూటమిలో లేని దేశం మీద దాడి జరుగుతుందా అని కాదు అడిగింది. ఒక సంస్థ కళ్ల ముందు పది శత్రుదేశాలు ఉన్నప్పుడు అందులో ఏది ఏరుకుంటుంది, ఎందుకు ఏరుకుంటుంది అని అడిగారు.

మాడ్రిడ్ చూడు. 2004 మార్చి 11 పొద్దున, ఆఫీసులకు పోయే జనంతో కిక్కిరిసిన నాలుగు లోకల్ రైళ్లలో పది బాంబులు పేలాయి. 190 మందికి పైగా పోయారు. ఎన్నికలు మూడు రోజుల్లో ఉన్నాయి. స్పెయిన్ సైన్యం సుమారు 1,300 మంది ఇరాక్‌లో ఉన్నారు, ఆ యుద్ధం అక్కడి జనానికి మొదటి నుంచీ గిట్టలేదు. ప్రభుత్వం ఇది బాస్క్ వేర్పాటువాదులైన ఈటీఏ పని అని పట్టుబట్టింది. జనం నమ్మలేదు, ఓడగొట్టారు. కొత్త ప్రధాని జపాటెరో మే నెలకల్లా సైన్యాన్ని వెనక్కి రప్పించాడు.

దీనికి ముందు డిసెంబరులో ఒక జిహాదీ పత్రం ఇంటర్నెట్‌లో తిరిగింది. నార్వే రక్షణ పరిశోధకులు దాన్ని బయటపెట్టారు. అమెరికాను ఒంటరిని చేయాలంటే బ్రిటన్, పోలండ్, స్పెయిన్‌లలో ఎవరు ముందు విరుగుతారని అందులో లెక్క వేశారు. స్పెయిన్ రెండు మూడు దెబ్బలకు మించి ఓర్చుకోదని, మార్చిలో ఎన్నికలున్నాయని కూడా రాశారు. కట్టెల మోపులో పుచ్చిన కట్టె ఏదో చూసి దాన్నే లాగడం ఇది. ఏప్రిల్‌లో బిన్ లాడెన్ యూరప్ దేశాలకు టేపు పంపాడు: ముస్లింల మీద దాడులు మానుకుంటే మీ జోలికి రాం, మూడు నెలలు గడువు. కూటమిని చూడకుండానే ఇదంతా చేశారంటావా?

పరకాల_పిల్లోడు | 9:52

ఫీజు థ్రెడ్ ఎప్పుడు అన్నా?

కాజీపేట_హవల్దార్ | 10:20

లెక్చరర్ గారికి నమస్తే. నేను సర్వీసులో 17 ఏళ్లు చేసి వచ్చినవాణ్ణి, మీలాగా పత్రాలు చదవలేదు. ఒకటి అడుగుతా చెప్పండి. అఫ్ఘానిస్తాన్‌లో మన పోరాట సైన్యం ఏనాడైనా ఉందా? లేదు. మనం అక్కడ డెలారం నుంచి జరంజ్‌కు 218 కిలోమీటర్ల రోడ్డు వేశాం, ఆస్పత్రికి సాయం చేశాం. 2008 జులై 7న కాబూల్‌లో మన ఎంబసీ గేటు దగ్గర కారు బాంబు పెట్టారు. 58 మంది చనిపోయారు. వాళ్లలో మన బ్రిగేడియర్ ఒకరు, దౌత్యవేత్త ఒకరు, ఐటీబీపీ జవాన్లు ఇద్దరు. మిగతావాళ్లలో ఎక్కువమంది వీసా కోసం లైన్లో నిలబడ్డ అక్కడి జనమే. ఏ కూటమి సార్ ఇది? ఉగ్రవాది మన సంతకాలు చూడడు, సందు ఎక్కడ దొరుకుతుందో చూస్తాడు. గేటు మీద నిలబడ్డవాడికి తెలుస్తుంది ఆ సంగతి.

నయీంనగర్_లెక్చరర్ | 10:41

హవల్దార్ గారూ, మీరు తెచ్చిన ఉదాహరణ నా వైపే నిలబడుతుంది. అఫ్ఘాన్ అధ్యక్షుడు కర్జాయ్ ప్రభుత్వానికి మనం దగ్గరవడం కొందరికి కంటగింపు అయింది కాబట్టే ఆ గేటు. కూటమి అంటే నాటో ఒక్కటే అనుకోవద్దు. ఎవడు ఎవడితో కలిసి నిలబడ్డాడు అన్నదే లెక్క.

సోమాలియా చూడండి. ఉగాండా 2007లో ఆఫ్రికన్ యూనియన్ తరఫున అక్కడికి సైన్యం పంపింది. 2010 జులై 11, వరల్డ్ కప్ ఫైనల్ రాత్రి, ఉగాండా రాజధాని కంపాలాలో మ్యాచ్ చూస్తున్నవాళ్ల మధ్య సోమాలియా ఉగ్రవాద సంస్థ అల్ షబాబ్ బాంబులు పేల్చింది, డెబ్బై మందికి పైగా పోయారు. ఒక చోటు రగ్బీ క్లబ్, రెండోది ఇథియోపియన్ రెస్టారెంట్. సోమాలియాలో సైన్యం దించిన ఇంకో దేశం ఇథియోపియా! ఒకే రాత్రి ఇద్దరికీ చీటీ అందింది. కెన్యా 2011 అక్టోబరులో సైన్యం దించింది, 2013లో వెస్ట్‌గేట్ మాల్‌లో 67 మంది, 2015లో గరిస్సా యూనివర్సిటీలో 148 మంది.

అంత దూరం ఎందుకు? 1987లో శ్రీలంకతో ఒప్పందం చేసుకున్నాం, శాంతిసేన పోయింది. 1991లో శ్రీపెరుంబుదూర్ జరిగింది. అక్కడి తమిళ పులులు, అంటే ఎల్‌టీటీఈ, రాజీవ్ గాంధీని చంపింది. ఇంకేం రుజువు కావాలి?

జగిత్యాల_డ్రైవర్ | 10:55

సార్, ఇరాక్‌ల నేపాల్ సైన్యం ఎంత మంది ఉండె?

నయీంనగర్_లెక్చరర్ | 10:58

నేపాల్ సైన్యం పంపలేదు.

జగిత్యాల_డ్రైవర్ | 10:59

మరి 2004 ఆగస్టుల 12 మంది నేపాలీలను ఎందుకు చంపిండ్రు?

నయీంనగర్_లెక్చరర్ | 11:06

అది కిడ్నాప్. వేరే కోవ. ఇక్కడ చర్చ దేశాల వ్యూహం గురించి.

కాజీపేట_హవల్దార్ | 11:30

"శాంతిసేన పోయింది. 1991లో శ్రీపెరుంబుదూర్ జరిగింది." రెండు వాక్యాల మధ్య ఫుల్‌స్టాప్ పెట్టి వదిలేశారు. ఆ ఫుల్‌స్టాప్‌లో మేం ఉన్నాం సార్, రెండున్నరేళ్లు ఉన్నాం.

మేం జాఫ్నాలో దిగినప్పుడు జనం పూలదండలు వేశారు. ఆడవాళ్లు చెంబులతో నీళ్లు తెచ్చారు. రెండు నెలలు కూడా కాలేదు, అక్టోబరులో అదే వీధిలో ఆ ఇళ్ల డాబాల మీద నుంచి మా మీద కాల్పులు. వెయ్యి మందికి పైగా పోయారు మావాళ్లు. నా పక్క బెడ్డు వాడు నర్సంపేట దగ్గరివాడు, వాడి ట్రంకు పెట్టె మీద పేరు తెల్ల పెయింటుతో నేనే రాశాను. ఆ పెట్టెను వాడి ఇంటికి తీసుకుపోయి ఇచ్చింది కూడా నేనే. 1990లో ఓడ దిగితే మద్రాసులో స్వాగతానికి రావాల్సిన పెద్దలు రాలేదు. ఇప్పుడు మీరు హన్మకొండలో ఫ్యాను కింద కూర్చుని, మేం పోయాం కాబట్టి రాజీవ్ గాంధీ చనిపోయాడు అంటారా? అంటే తప్పు మాదా?

నక్కలగుట్ట_వకీలు | 11:44

ఒక చిన్న సవరణ. రాజీవ్ హత్య కేసులో సుప్రీంకోర్టు 1999 మేలో టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) శిక్షలను కొట్టేసింది. ప్రభుత్వాన్ని లొంగదీయాలనో, జనంలో భయోత్పాతం సృష్టించాలనో ఉద్దేశం రుజువు కాలేదు, శాంతిసేనను పంపిన వ్యక్తి మీద పగ అని చూసింది. హత్య, కుట్ర నేరాలు మాత్రం నిలిచాయి. కాబట్టి చట్టం ప్రకారం అది "ఉగ్రవాద చర్య" కిందికే రాదు. లెక్చరర్ గారి ఉదాహరణ ఈ చర్చలో చెల్లదు.

నయీంనగర్_లెక్చరర్ | 11:50

వకీలు గారూ, సెక్షన్ నిలవకపోతే సంఘటన జరగనట్టేనా? ఆయన మళ్లీ గెలిస్తే సైన్యం మళ్లీ వస్తుందన్న భయం ఎల్‌టీటీఈకి ఉంది. అది వ్యూహం కాదా?

నక్కలగుట్ట_వకీలు | 11:53

నేను తీర్పు చెప్పాను. వ్యూహం సంగతి నాకు తెలియదు.

నయీంనగర్_లెక్చరర్ | 11:55

తెలియనప్పుడు "చెల్లదు" అని ఎలా అన్నారు?

నక్కలగుట్ట_వకీలు | 11:57

తీర్పు పేరా నంబరు కావాలంటే రేపు పెడతాను.

పరకాల_పిల్లోడు | ఆదివారం ఉదయం 7:15

రాత్రంతా ఇదేనా 😂

గ్రూప్1_చివరి_ప్రయత్నం | 7:40

సార్లూ, కాకా, మీరు నా మీద కోపంతో కొట్లాడుకోవద్దు. నాకు జవాబులో ఏం రాయాలో చెప్పండి చాలు.

హుజురాబాద్_అక్క (సోషల్ టీచర్) | 9:05

తమ్ముడూ, నువ్వూ నీ పక్కోడూ ఇద్దరూ సగమే రాశారు. ఇటలీని తీసుకో. ఇరాక్‌కు దాదాపు 3,000 మందిని పంపింది, స్పెయిన్ కన్నా రెట్టింపు పైనే. 2003 నవంబరులో నసీరియాలో ఇటలీవాళ్లు 19 మంది చనిపోయారు. కానీ రోమ్‌లో, మిలాన్‌లో మాడ్రిడ్ లాంటిది జరగలేదు. కూటమే అంతా అయితే ఇటలీని ఎందుకు వదిలారు?

మాడ్రిడ్ గురించి స్పెయిన్ పరిశోధకుడు ఫెర్నాండో రీనారెస్ చెప్పేది వేరు. 2001 నవంబరులోనే స్పెయిన్ పోలీసులు అక్కడి అల్ ఖైదా ముఠాను పట్టుకున్నారు. తప్పించుకున్న ఒకడు ఆ డిసెంబరులోనే కరాచీలో పగ తీర్చుకోవాలని నిర్ణయించాడని ఆయన వాదన. అప్పటికి ఇరాక్ యుద్ధం ఊసే లేదు. అంటే పగ ముందే పుట్టింది, ముఠాలో మిగిలినవాళ్లు ఆ ఊర్లోనే ఉన్నారు, ఇరాక్ యుద్ధం వాళ్లకు తేదీ చూపించింది, సాకు ఇచ్చింది. లెక్చరర్ గారు చెప్పిన పత్రం కూడా ఎక్కువగా ఇరాక్‌లో ఉన్న స్పెయిన్ సైన్యాన్ని కొట్టమనే చెప్తుంది, రైళ్లను కాదు.

ఇంకోటి, దాడి తర్వాత వాళ్లు ఇచ్చే ప్రకటనను నమ్మి వ్యాసం రాయకు. 2019 ఈస్టర్ రోజు శ్రీలంకలో చర్చిల మీద, హోటళ్ల మీద దాడి చేసి ఐసిస్ ఏమంది? "కూటమి దేశాల పౌరులను, క్రైస్తవులను కొట్టాం" అంది. హోటళ్లలో విదేశీయులు ఉన్నమాట నిజమే. కానీ నెగొంబో చర్చిలో వంద మందికి పైగా పోయారే, అది చేపలు పట్టుకునే ఊరు. వాళ్లది ఏ కూటమి? అందిన చోట కొడతారు, కూటమి పేరు తర్వాత అంటిస్తారు.

నయీంనగర్_లెక్చరర్ | 9:31

అమ్మా, రీనారెస్ వాదన నాకు తెలుసు. పగ ముందే ఉన్నా, ఎన్నికల ముందు రోజులు ఎంచుకోవడం మాత్రం కూటమి లెక్కే. ఇటలీలో మనుషులు కుదరకపోయి ఉండొచ్చు. అంతమాత్రాన నా సూత్రం కొట్టుకుపోదు.

కాజీపేట_హవల్దార్ | 9:40

సూత్రం సూత్రం! స్పెయిన్ సైన్యాన్ని వెనక్కి పిలుస్తామని చెప్పాక, ఏప్రిల్ 2న టొలెడో దగ్గర హైస్పీడు రైలు పట్టాల మీద మళ్లీ బాంబు దొరికింది. అది చెప్పరేం? వెళ్లిపోతామన్నా వదల్లేదు కదా.

జగిత్యాల_డ్రైవర్ | 11:20

పొద్దుటి నుంచి చదువుతున్న. నిన్న సార్ "వేరే కోవ" అన్నడు, అది నిద్ర పట్టనియ్యలే. అందుకే జర పొడుగ్గ రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

2003 చివర్ల నేను కువైట్‌ల ట్రైలర్ డ్రైవర్‌ను. వీసా మీద రాసింది కువైట్ లోపల డ్రైవింగ్ అని. నాలుగు నెలలైనంక ఒక రాత్రి యార్డుల మమ్మల్ని నిలబెట్టి, రేపటి నుంచి లోడు బోర్డరు దాటాలె, దాటకపోతే టికెట్ పైసలు కట్టి ఇంటికి పో అన్నరు. ఏజెంటుకు లక్ష పది వేలు అప్పు తెచ్చి కట్టి పోయిన, ఇంటికి ఎట్ల పోత? బోర్డరు కాడి సఫ్వాన్ దాటి నసీరియా, దివానియా మీదుగా బలద్ అమెరికా క్యాంపు దాకా. అక్క చెప్పిన ఆ నసీరియా నాకు పేపర్ల ఊరు కాదు, ఆ ఊరు దాటితే కొంచెం ఊపిరి ఆడేది.

ముందట అద్దానికి కోడి జాలీ కొట్టుకునేటోళ్లం. పిల్లలు వంతెన మీది నుంచి రాళ్లు వేసేటోళ్లు, జాలీ రాయిని ఆపుతది గానీ గుండును ఆపదు. కాన్వాయ్‌ల ముందొక అమెరికా గన్ బండి, ఎనకొకటి, నడుమ ఇరవై ముప్పై బండ్లు మావి. మేం ఇండియా, నేపాల్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఈజిప్టు. క్యాంపు గేటు కాడ మాకు ఒక చీటీ ఇచ్చేటోళ్లు, దాని మీద టీసీఎన్ అని ఉండేది. అంటే ఏంది అని ఒక కేరళాయనను అడిగితే, థర్డ్ కంట్రీ నేషనల్ అన్నడు. అమెరికా కాదు, ఇరాక్ కాదు, మూడో దేశపోడు. కొట్లాట ఇద్దరిది, మూడోవాడికి దాంతోని సంబంధం లేదు అని ఆ పేరుకు అర్థం. రోడ్డు మీద తుపాకి పట్టుకున్నోడు మాత్రం ఆ చీటీ చదవడు. అమెరికాకు పాలు, నీళ్లు, డీజిల్ మోసేటోడు వాడి లెక్కల అమెరికావాడే.

2004 జులైల ముగ్గురు ఇండియా డ్రైవర్లను ఇంకో నలుగురితోని పట్టుకపోయిండ్రు, మన దేశం ఒక్క సిపాయినీ పంపకపోయినా. కంపెనీ ఇరాక్ పని బందు పెట్టాలె అని అడిగిండ్రు. సెప్టెంబరు మొదట్ల వదిలిండ్రు. అదే టైముల ఒక ఫిలిప్పీన్స్ డ్రైవర్ కోసం ఆ దేశం తన యాభై మందిని ఎనక్కి పిలిచింది, వాడు బతికిండు. నేపాలోళ్లు 12 మంది జోర్డాన్‌ల హోటల్ పని అని నమ్మి వచ్చినోళ్లు. నేపాల్ దగ్గర ఎనక్కి పిలవడానికి సైన్యమే లేదు. వాళ్లను చంపి వీడియో పెట్టిండ్రు.

మా రూమ్‌ల మెట్‌పల్లి పిల్లగాడు ఉండె. దివానియా దాటినంక రోడ్డు పక్క బాంబు. ఎడమ చేయి మోచేతి దాకా పోయింది. కంపెనీ ఏమందంటే, నీ కాంట్రాక్టు కువైట్‌ది, ఇరాక్‌ల ఏమైతే మాకేం సంబంధం అంది. ఇది కోవ కాదా సార్?

నయీంనగర్_లెక్చరర్ | 11:52

తమ్ముడూ, మీ బాధ అర్థమైంది. కానీ ఒక మనిషి అనుభవంతో సిద్ధాంతాన్ని

నయీంనగర్_లెక్చరర్ | 11:53

(పొరపాటున సగంలోనే పోస్ట్ అయింది. మళ్లీ రాస్తాను.)

కాజీపేట_హవల్దార్ | 11:55

రాయొద్దు సార్. ఆ సగంలోనే అంతా తెలిసింది. చేయి పోయినోడిది అనుభవం, మీది సిద్ధాంతం. అసలు మీకు ఏం కావాలో చెప్పండి. ఎవరితోనూ కలవకుండా ఇంట్లో ముడుచుకుని కూర్చుంటే దేశం బాగుంటుందనా? బాంబు పెడితే సైన్యం వెనక్కి పోతుందని రుజువు చేసి, రేపు ఎవడికి చూపిస్తారు ఆ రుజువు?

అడ్మిన్ | 12:04

వ్యక్తిగతంగా పోతే థ్రెడ్ మూసేస్తాను. ఇద్దరికీ కలిపే చెప్తున్నా.

నయీంనగర్_లెక్చరర్ | 12:40

సరే, అసలు సంగతి చెప్తాను. 2003 వేసవిలో ఇరాక్‌కు మన డివిజన్ పంపాలా వద్దా అని చర్చ నడుస్తుంటే నేను పంపొద్దని కాలేజీలో ఒక సంతకాల కాగితం తిప్పాను. పంపితే మన పిల్లలు అక్కడ చస్తారు, ఇక్కడ ఊళ్లకు కూడా ప్రమాదం పెరుగుతుంది అని అందులో రాశాను. స్టాఫ్‌రూమ్‌లో 31 మందిలో నలుగురు సంతకం పెట్టారు. ఒకాయన, నా స్నేహితుడే, "ఉగ్రవాదుల తరఫున వకాల్తా" అన్నాడు. రిటైరయ్యేదాకా మా ఇద్దరికీ మాటల్లేవు. కారణం చెప్పినవాడిని సమర్థించినవాడి కింద జమకట్టడం ఇరవై ఏళ్లుగా చూస్తున్నా, అలవాటైపోయింది. హవల్దార్ గారూ, మీరు పోవడం తప్పని నేను అనలేదు. పంపినవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుని, దాని ధర జనానికి చెప్పి పంపాలి అంటున్నా.

కాజీపేట_హవల్దార్ | 13:15

ఆ మాట మొదటి పోస్టులో రాసి ఉంటే నేను రాత్రి బీపీ గోలీ రెండుసార్లు వేసుకునేవాణ్ణి కాదు.

కానీ ఒప్పుకోను. ధర చెప్పి పంపితే ఎవడూ పంపడు సార్. మాకు ఎవడూ చెప్పలేదు. చెప్పినా మేం పోయేవాళ్లమే.

జగిత్యాల_డ్రైవర్ | 13:22

కాకా, నీకు చెప్పినా పోయేటోడివి. నాకు చెప్తే పోకపోదును.

నయీంనగర్_లెక్చరర్ | 13:37

తమ్ముడూ, నిన్న "వేరే కోవ" అన్నది వెనక్కి తీసుకుంటున్నా. ఎవడు ఎవడితో కలిసి నిలబడ్డాడో అదే లెక్క అని నేనే రాసి, నీ లారీని లెక్కలో వేయలేదు. ఎవడు మిత్రుడో తేల్చేది సంతకం పెట్టినవాడు కాదు, గురి పెట్టేవాడు.

గ్రూప్1_చివరి_ప్రయత్నం | 13:41

సార్, ఈ ఆఖరి వాక్యం నేను రాసుకోవచ్చా?

పరకాల_పిల్లోడు | 13:42

మార్కులు మాత్రం ఎనిమిదే వస్తాయి

నక్కలగుట్ట_వకీలు | 18:30

తీర్పు పేరా నంబరు వెతకబోయి వేరే పని చేసుకొచ్చాను. జగిత్యాల తమ్ముడికి: అమెరికాలో డిఫెన్స్ బేస్ యాక్ట్ అని 1941 నాటి చట్టం ఉంది. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు మీద వాళ్ల దేశం బయట పనిచేస్తూ దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇవ్వాలి. సబ్ కాంట్రాక్టర్ కింద పనిచేసినా, వేరే దేశం పౌరుడైనా వర్తిస్తుంది. నీ వీసా మీద ఏ దేశం పేరు ఉందన్నది కాదు, లోడు ఎవరి కాంట్రాక్టుదో అది ముఖ్యం. దావాకు మామూలుగా ఏడాదే గడువు. అయితే దెబ్బ తగిలిన సంగతి తెలిసి కూడా కంపెనీ అక్కడి కార్మిక శాఖకు రిపోర్టు ఇవ్వకపోతే ఆ గడువు మొదలవదని వాదించే దారి ఉంది. ఇన్నేళ్ల తర్వాత నిలుస్తుందని మాట ఇవ్వలేను. మెట్‌పల్లి అబ్బాయి దగ్గర ఏమైనా కాగితాలు మిగిలాయా?

జగిత్యాల_డ్రైవర్ | 19:05

ఆస్పత్రి కాగితాలు కంపెనీవాళ్లే గుంజుకున్నరు సార్. ఒక ఫోటో ఉంది, బలద్ క్యాంపుల బండి ముందు ఇద్దరం నిలబడ్డది. ఇంక ఆ గేటు చీటీ ఉంది, టీసీఎన్ అని ఉన్నది. నాది పారేసిన గానీ వాడు దాచిండు, అప్పుల డైరీల పెట్టుకున్నడు.

నక్కలగుట్ట_వకీలు | 19:09

చీటీ మీద తేదీ ఉందా?

జగిత్యాల_డ్రైవర్ | 19:31

వాడికి ఫోన్ చేసిన. తేదీ ఉందంట, గేటు ముద్ర కూడా ఉందంట. సిరా కొంచెం వెలిసిపోయింది గానీ చదవొస్తుందంటున్నడు.

కాజీపేట_హవల్దార్ | 19:40

తమ్మీ, దాన్ని లామినేషన్ మాత్రం చేయించకండి. ముద్ర ఊడిపోతుంది. నా డిశ్చార్జ్ బుక్కు అట్లనే పాడైంది.